ఈ బీము దిగనీ

"ఈ బీము దిగనీ, పోదాం" అన్నాడు కాశీనాథ్, తిన్న పళ్ళెంలోనే చెయ్యి కడుక్కుంటూ.

పొద్దున ఏడున్నర. మనోరమ ఆ పళ్ళెం తీసి గిన్నెలు తోమే మోరీలో పెట్టి, కింద పడ్డ రొట్టె ముక్కలు ఏరింది. ఆమె అడిగింది చిన్న మాట. ఠాణే పట్నంలోని ఆసుపత్రికి ఏ రోజు పోదాం అని. సెప్టెంబరు నుంచి అడుగుతూనే ఉంది. ఎడమ రొమ్ములో రేగుపండంత గడ్డ. నొప్పి లేదు. చేత్తో చూసిన డాక్టరమ్మ అటూ ఇటూ తేల్చకుండా, "తీసి పరీక్షకు పంపితేనే తెలుస్తుంది. ఆలస్యం మాత్రం చెయ్యకండి" అంది. ఇప్పుడు నవంబరు ఆఖరు వారం. ఆ గడ్డ అలాగే ఉందో, కొంచెం పెరిగిందో, రోజూ స్నానం చేస్తూ చూసుకునే చేతికి తెలియడం మానేసింది.

ఆ ఇంటి గోడ మీద గడియారం ఉండేది కానీ, రోజులు నడిచేది బీముల మీద. కింద రెండు గదులు, పైన రెండు గదులు, వెనక రేకుల కింద పన్నెండు సాంచాలు, కరెంటుతో నడిచే మగ్గాలు. ఒక్కో సాంచా వెనక ఒక పెద్ద ఇనుప రోలరు, దాని మీద వేల పోగులు. అదే బీము. ఆ పోగులన్నీ బట్టగా మారి రోలరు ఖాళీ అయితే బీము దిగినట్టు. అప్పుడు కొత్తది ఎక్కించి, పాత పోగుల కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటిగా అతుకుతారు. మంచైనా చెడైనా బీము దిగాకే. కూతురు సాక్షికి చెవులు కుట్టించింది బీము దిగాకే. ఇంటికి సున్నం వేయించింది బీము దిగాకే. మనోరమ తల్లి సిరిసిల్లలో పోయినప్పుడు ఈమె ఈ మరాఠీ ఊరి నుంచి అక్కడికి చేరింది కూడా బీము దిగాకే. అప్పటికి అన్నీ అయిపోయి చెల్లెలు వాకిలి కడుగుతోంది. పెళ్ళయిన కొత్తలో ఆ మాట వింటే మనోరమకు ముచ్చటగా ఉండేది, ఇంటిల్లిపాదికీ ఒకే పంచాంగం ఉన్నట్టు. ఇరవై రెండేళ్ళుగా వింటోంది.

"పది రోజులల్ల దిగుతది" అన్నాడు కాశీనాథ్, తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ. కటువుగా అనలేదు. అతను ఏదీ కటువుగా అనడు. "నొప్పి లేదంటున్నవ్ గద. ఏం తొందరున్నది?"

ముందు గదిలో కండెల మిషను దగ్గర కూర్చున్న అత్త సత్తెమ్మ అక్కడి నుంచే అందుకుంది. "బీము ఒక్కటేనారా? జనవరిల సుశీల సంవత్సరీకం ఉండె. ఏడాదెల్లకముందే ఇంట్ల ఇంకో ఆడిదాన్ని ఆపరేషన్ బల్ల ఎక్కిస్తరా ఎవరన్న? గది అయినంక చూద్దాం."

"గదొకటి ఉన్నది" అన్నాడు కాశీనాథ్, ఒక బరువు దిగినట్టు.

మనోరమ గడియారం చూసింది. బడికి వేళవుతోంది. చీర కుచ్చిళ్ళు సరిచేసుకుని, డబ్బా సంచిలో వేసుకుని బయటపడింది. గల్లీ పొడుగునా సాంచాల చప్పుడు, రెండు పక్కలా, వాన పడుతున్నట్టు. ఆ చప్పుడులో మనిషి గట్టిగా ఏడ్చినా పక్కవాడికి వినిపించదు. ఈ ఏడాదిలో ఆమె ఆ సంగతి రెండు మూడుసార్లు గమనించింది.

సుశీలాబాయి ఆమె తోడికోడలు, కాశీనాథ్ అన్న రాజలింగం భార్య. మనోరమ కంటే ఎనిమిదేళ్ళు పెద్ద. పెళ్ళయి వచ్చిన మొదటి వారం సత్తెమ్మ, "స్కూల్ల నువ్వు టీచరమ్మవు కావచ్చు, ఇంట్ల కోడలివి" అని కండెల బుట్ట ముందు కూర్చోబెడితే, తెగిన దారాన్ని ఒక్క వేలితో ఎలా అతకాలో చూపించింది సుశీలే. అడ్డపోగు కోసం నాడెలో పెట్టే చిన్న దారపు గొట్టం కండె. పన్నెండు సాంచాలు రోజంతా కండెలు తింటూనే ఉంటాయి. అవన్నీ చుట్టేది ఇంటి ఆడవాళ్ళే. బయటి మనిషి చుడితే అది కూలిపని. ఇంటి మనిషి చుడితే అది పనే కాదు, కూర్చోవడం. "ఇంట్ల కూసున్నరు గద, నాలుగు కండెలు పట్టుండ్రి" అనేవాడు రాజలింగం. మోటారు మిషను వచ్చాక దారం దానంతటదే చుట్టుకునేది. నిండిన కండె తీసి ఖాళీది తొడగాలి, తెగితే అతకాలి. సత్తెమ్మ పెట్టిన నియమం ఒకటే. సగం కండె బుట్టలో వెయ్యకూడదు. సగం కండె నాడెలోకి పోతే మధ్యలో దారం అయిపోయి సాంచా ఆగుతుంది, బట్ట మీద గీత పడుతుంది. అందుకని ఎవరొచ్చినా, ఏమొచ్చినా, చేతిలో ఉన్న కండె నిండాకే లేవాలి.

సుశీలకు గడ్డ చేతికి తగిలింది రెండున్నరేళ్ళ కింద. ముందు మనోరమకే చెప్పింది, మిషను చప్పుడు చాటున. తర్వాత రాజలింగానికి చెప్పింది. అతను, "చూపిద్దాం, ఈ బీము దిగనీ" అన్నాడు. బీము దిగింది. తర్వాత నాలుగు కొత్త సాంచాలు వచ్చాయి, వాటి బీములు వచ్చాయి. తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. చివరికి నిరుడు నవంబరులో గేటు ముందు ఆటో ఆగింది. రాజలింగం హారన్ కొట్టిస్తున్నాడు. "వస్తున్న, గీ కండె నిండనీ" అంది సుశీల. కండె నిండింది. తీసి బుట్టలో వేసి, చెయ్యి కొంగుకు తుడుచుకుని వెళ్ళి ఆటో ఎక్కింది. జనవరిలో పోయింది. ఒక్క ఏడాది ముందు తెచ్చి ఉంటే, అని డాక్టరు మొదలుపెట్టి, రాజలింగం మొహం చూసి ఆపేశాడు. ఆ వాక్యంలో మిగిలిన సగం ఏమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పూర్తి చెయ్యలేదు. ఇప్పుడు ఆమె సంవత్సరీకం మనోరమకు అడ్డొచ్చింది.

మనోరమ బడిలో ఎనిమిదో తరగతికి సైన్సు చెబుతుంది. లాక్‌డౌన్ తర్వాత అక్టోబరులో బడి తెరిచిన మొదటి రోజే నల్లబల్ల కుడి మూలన చిన్న గడి గీసి, అందులో ఒక తేదీ రాసింది. డిసెంబరు 18. ఆ రోజు జేమ్స్ వెబ్ అనే టెలిస్కోపు ఆకాశానికి బయలుదేరుతుందని, మనిషి ఇంతవరకూ పంపినవాటిలో అంత పెద్దది లేదని, విశ్వంలో మొట్టమొదట పుట్టిన నక్షత్రాల వెలుగును అది వెతకబోతోందని చెప్పింది. ఆ తేదీ ఎన్ని ఏళ్ళుగా జరుగుతూ వచ్చిందో కూడా చెప్పింది. ఆ గడి తను ఎందుకు గీసిందో మాత్రం చెప్పలేదు.

రెండేళ్ళ కింద చలికాలంలో ఆమే, సుశీలా మిషనుకు చెరో పక్క కూర్చుని ఉన్నప్పుడు, పేపర్లో ఆ టెలిస్కోపు గురించి పైకి చదివింది. అద్దాలు, లక్షల మైళ్ళు, వేడి, చలి. సుశీల నాలుగో తరగతి చదివింది. ఊకొడుతోందే కానీ చూపు దారం మీదే ఉంది. ఎండ పడకుండా అయిదు పొరల తెర కడతారని, ఒక్కో పొర తలవెంట్రుక కంటే పలచనని, విప్పితే టెన్నిస్ ఆడే మైదానమంత ఉంటుందని, దాన్ని మడతలు పెట్టి రాకెట్టులో పంపుతారని చదివినప్పుడు మాత్రం తలెత్తింది.

"గుడ్డనా?"

"గుడ్డలాంటిదే అక్కా."

"గంత పలచటిదాన్ని మడత పెట్టిన్రా? చినగలేదా?"

"ఒకసారి పరీక్ష చేస్తుంటే చినిగిందట. మళ్ళ సరిచేసిన్రు."

"ఆడికి పోయినంక మడత ఇప్పుకోకపోతే ఎవరు పోయి ఇప్పుతరు?"

"ఎవ్వరు పోలేరు. పదిహేను లక్షల కిలోమీటర్లు."

సుశీల తెగిన దారం అతికింది. వేలి మధ్య ముడి తిప్పుతూ, "అందుకేనా ఏండ్ల సంది ఆపుతున్నరు? మంచిదే. పోయినంక ఏడ్చుడు కంటె ఇప్పుడే చూసుకునుడు నయం" అంది. ఆ తర్వాత ఎప్పుడు పేపరు వచ్చినా, "మన గుడ్డ ముచ్చటేమన్న రాసిన్రా?" అని అడిగేది. ఆసుపత్రిలో ఆఖరుసారి, సన్నబడిపోయిన చేత్తో మనోరమ వేళ్ళు పట్టుకుని అడిగింది కూడా అదే. "పోయిందా మన గుడ్డ?" ఇంకా లేదక్కా, వచ్చే అక్టోబరట, అంది మనోరమ. "మంచిగ చూసి పంపనీ" అని కళ్ళు మూసుకుంది సుశీల.

గడిలోని 18ని నవంబరులో చెరిపి 22 రాయవలసి వచ్చింది. డిసెంబరు పదిహేనున, బుధవారం నాడు, ఆ 22ని కూడా చెరపబోయింది మనోరమ. వెనక బెంచీలో స్వప్నిల్, "టీచర్, ఇది మా గల్లీల నల్లా నీళ్ళ లెక్కనే ఉన్నది. ఇయ్యాల రేపు, ఇయ్యాల రేపు" అన్నాడు. పిల్లలు నవ్వారు. మనోరమ కూడా నవ్వింది.

ముందు వరుసలోని ఐశ్వర్య మాత్రం నవ్వలేదు. "టీచర్, గిన్నిసార్లు ఎందుకు ఆపుతరు? ఖరాబ్ అయిందా?"

"ఖరాబ్ కావద్దని ఆపుతారమ్మా. పోయినసారి రాకెట్టు మీద పెట్టేటప్పుడు ఒక పట్టీ ఉన్నట్టుండి ఊడి కుదుపు వచ్చింది. లోపల ఏమైనా కదిలిందేమోనని అన్నీ మళ్ళీ చూశారు. ఇప్పుడు రాకెట్టుకూ దానికీ మధ్య కబురందించే తీగలో ఏదో తేడా వచ్చింది. అది సరిచేస్తున్నారు. ఒక్కసారి పోయిందంటే మళ్ళీ చెయ్యి వెయ్యలేం కదా. అందుకని, ఆపిన ప్రతిసారీ దాని కోసమే ఆపుతున్నారు."

అలా అంటూ బల్ల వైపు తిరిగి 24 రాయబోయి, సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయింది. తను చెప్పిన మాట తన వెనక నుంచి ఎవరో చెప్పినట్టు వినిపించింది. ఆపిన ప్రతిసారీ దాని కోసమే. సెప్టెంబరులో తను ఆగింది పండగ సీజను బట్ట కోసం. అక్టోబరులో ఆగింది, మోకాళ్ళ నొప్పులతో ఉన్న రాజలింగం బావకు వండిపెట్టేవాళ్ళు లేరని. నవంబరులో బీము కోసం. ఇప్పుడు పోయిన మనిషి కోసం. ఈ నాలుగు నెలల్లో ఒక్కరోజైనా, ఒక్క వాయిదా అయినా తన కోసం పడిందా అని వెతికింది. సుశీల ఏడాదిన్నర వాయిదాల్లోనూ వెతికింది. ఒక్కటీ దొరకలేదు. ఎక్కడో దేశంలో ముక్కూ మొహం తెలియని మనుషులు ఒక అద్దానికి, కాసింత గుడ్డకి ఏమైనా అవుతుందేమోనని నిద్రలేకుండా ఉన్నారు. ఆమెకు ఆ టెలిస్కోపు మీద అసూయ కలిగింది. నలభై నాలుగేళ్ళ మనిషి, ఒక వస్తువు మీద. సిగ్గుపడి 24 రాసింది. చేతికంటిన సుద్ద దులుపుకోవడం మరిచిపోయింది.

సాయంత్రం ఇంటికి రాగానే కండెల దగ్గర కూర్చోకుండా నేరుగా వెనక రేకుల కిందికి వెళ్ళింది. అక్కడికి ఆడవాళ్ళు కండెల బుట్ట ఇవ్వడానికి తప్ప పోరు. పదకొండేళ్ళుగా అక్కడ సాంచాలు నడుపుతున్న రాంప్రసాద్ ఖాళీ చేతులతో వచ్చిన ఆమెను చూసి ఏదో అయిందనుకుని, సాంచా ఆపి దగ్గరికి వచ్చాడు. బీములన్నీ ఒక్కసారి ఎప్పుడు దిగుతాయి, అని హిందీలో అడిగింది మనోరమ. అతనికి ప్రశ్న అర్థం కాలేదు. మళ్ళీ అడిగింది. పన్నెండూ ఖాళీగా ఉండే రోజు ఏది?

రాంప్రసాద్ నవ్వాడు. "సబ్ ఏక్ సాథ్? ఐసా కభీ నహీ హోతా, భాభీ." అన్నీ ఒక్కసారి దిగడం ఎప్పుడూ జరగదంటూ అతను వేలితో చూపించాడు. రెండోది రేపు దిగుతుంది. ఏడోది మొన్ననే ఎక్కింది. పదోది సగంలో ఉంది. ఆఖరికి లాక్‌డౌన్‌లో సాంచాలన్నీ నిలిచిపోయి తను ఊరికి నడిచిపోయినప్పుడు కూడా, తిరిగొచ్చి చూస్తే బీములు ఎక్కడివక్కడ సగం సగం మీద నిలబడి ఉన్నాయట, దుమ్ము పట్టి.

మనోరమ ఆ పన్నెండింటినీ కాసేపు చూసింది. ఎంత చిన్న లెక్క. ఆరో తరగతి పిల్లలకు పది నిమిషాల్లో చెప్పగల లెక్క. ఇరవై రెండేళ్ళుగా ఈ ఇంట్లో ఉండి, ఒక్కసారి ఇక్కడికొచ్చి వెయ్యలేదు. "ఈ బీము" అన్నప్పుడల్లా ఒక్కటే బీము కళ్ళ ముందు పెట్టుకుని, అది తరుగుతుంటే తన రోజు దగ్గరికొస్తోందనుకుంది. సుశీల కూడా అలాగే అనుకుని ఉంటుంది. కోపం వస్తుందేమోనని చూసింది. రాలేదు. తలుపు గడియ బయటి నుంచి వేసి ఉందనుకుని ఏళ్ళ తరబడి కూర్చుని, ఒకరోజు తోస్తే అది తెరుచుకున్నట్టు, ఒళ్ళు తేలికైంది. అక్కడే, ఆ చప్పుడులోనే ఫోన్ తీసి, చెవికి గట్టిగా ఆనించుకుని డాక్టరమ్మతో మాట్లాడింది. సోమవారం పొద్దున ఖాళీ కడుపుతో రమ్మంది ఆవిడ.

సోమవారం ఆరు గంటలకు సంచి సర్దుకుని చెప్పులు వేసుకుంటుంటే కాశీనాథ్ బ్రష్షు నోట్లో పెట్టుకుని వచ్చాడు.

"ఇయ్యాలనా? నాలుగో సాంచ మీద బీము ఎక్కుతున్నది మనోరమా. కండెలెవరు పడ్తరు?"

"బీము ఎక్కనియ్యిండ్రి. నేను పొద్దుగూకంగ వస్త."

"నేనూ రావాలె గద మరి. రెండు రోజులు ఆగు, నేనే తీస్కపోత."

"రెండ్రోజులల్ల ఇంకోటి ఎక్కుతది."

సత్తెమ్మ అప్పటికే మిషను ముందు కూర్చుని ఉంది. "సంవత్సరీకం అయ్యేదాక ఆగమంటి" అంది, తలెత్తకుండా.

మనోరమ ఆమె దగ్గరికి వెళ్ళి నిలబడింది. మాట ముందు లోపల సరిచూసుకుంది, పిల్లల ముందు చూసుకున్నట్టే. "అత్తమ్మా, అక్క బతికున్నప్పుడు బీముల కోసం ఆగింది. ఇప్పుడు అక్క పేరు జెప్పి నన్ను ఆపకుండ్రి."

మిషను మీద దారం తెగింది. సత్తెమ్మ దాన్ని వెంటనే అతకలేదు. ఖాళీ కదురు గిర్రున తిరుగుతూనే ఉంది.

గల్లీ చివర గంగాబాయి ఎదురుచూస్తోంది. బడిలో ఆయా. మనోరమ సెలవు చీటీ ఇస్తుంటే విని, తోడుగా ఎవరొస్తున్నారని అడిగి, సమాధానం రాకపోయేసరికి తనే వస్తానన్న మనిషి. ఇద్దరూ షేర్ ఆటోలో కాశేలి దాటి, వంతెన మీదుగా ఠాణే చేరారు. వంతెన కింద ఖాడీలో, ఆ సముద్రపు పాయలో, నీళ్ళు కదలకుండా ఉన్నాయి. గంగాబాయి దారంతా తన కోడలు చేసే చింతపండు పచ్చడి గురించి చెప్పింది. అంత అక్కరలేని మాటలు విని మనోరమకు ఎన్నాళ్ళో అయింది.

ఆసుపత్రిలో గుమాస్తా కాగితం ముందుకు తోసి, "మిస్టర్ కుఠె ఆహేత్?" అన్నాడు. మీవారెక్కడ అని. సంతకానికి భర్త కావాలట.

"ఒళ్ళు నాది. సంతకం నేను చేస్తాను" అంది మనోరమ మరాఠీలో. తను అంత సూటిగా అనగలదని ఆమెకు తెలియదు. పక్కనున్న నర్సు గుమాస్తాతో, చెల్లుతుంది, చెయ్యనివ్వు, అంది. తోడు ఎవరు, అని ఇంకో గడి ఉంది. "మీ ఆహే" అని ముందుకొచ్చింది గంగాబాయి. నేనున్నాను. నాతె కాయ్, ఏమవుతారు, అని అడిగాడు గుమాస్తా. గంగాబాయి ఒక్క క్షణం మనోరమ వైపు చూసి, "బహీణ్ లిహా" అంది. అక్కాచెల్లెళ్ళని రాయి. మనోరమ ఆ గడి నిండేదాకా దాన్నే చూసింది. సుశీల పోయినప్పటి నుంచి ఆమెను ఎవరూ అలా రాయలేదు.

గడ్డ తీయడానికి ముప్పావు గంట పట్టింది. రిపోర్టు శనివారం వస్తుందన్నారు. శనివారం అంటే ఇరవై అయిదు. మర్నాడే, పైన గాలులు బాగా లేవని టెలిస్కోపును ఇంకో రోజు ఆపినట్టు వార్త వచ్చింది. ఇరవై నాలుగు కాదు, ఇరవై అయిదు. మంచం మీద పడుకుని ఫోన్లో అది చూసి మనోరమ నవ్వింది. కుట్ల దగ్గర నొప్పి పుట్టినా ఆగకుండా నవ్వింది.

ఆ వారం ఇల్లు ఆగలేదు. పదిహేడేళ్ళ సాక్షి అట్టల్లాంటి రొట్టెలు చేసింది, కాశీనాథ్ మాట్లాడకుండా తిన్నాడు. కండెలకు పక్క గల్లీ నుంచి ఒకామెను కూలికి పెట్టారు. ఇంతకాలం కుదరనిది ఒక్క పూటలో కుదిరింది. సత్తెమ్మ మాత్రం పొద్దునా సాయంత్రం వచ్చి మంచం కోడు పట్టుకుని నిలబడి, ఏదో ఒకటి అడిగేది.

"డాక్టరు ఆడామెనా, మొగాయనా?"

"ఆడామెనే అత్తమ్మా."

"కోసేటప్పుడు ఎరుకైతదా?"

"కాదు. సూది ఇస్తరు, నిద్రొస్తది."

మర్నాడు ఇంకోటి. "కాయిదం మీద మొగోళ్ళ సంతకం లేకుంటె ఒప్పుకున్నరా?"

"ఒప్పుకున్నరు."

"ఏలిముద్ర ఏసినా ఒప్పుకుంటరా?"

"ఒప్పుకుంటరు" అంది మనోరమ. ముసలావిడకు ఏం తోచక అడుగుతోందనుకుంది.

శనివారం కాశీనాథ్ బండి తీశాడు. నేనే తీస్కపోత, అన్నాడు, రెండుసార్లు. క్రిస్మస్ సెలవైనా ల్యాబు కిటికీ పన్నెండు దాకా తెరిచే ఉంటుందన్నారు. వరసలో అయిదుగురి తర్వాత వీళ్ళు. కిటికీలోంచి వచ్చిన కవరు కాశీనాథ్ అందుకోబోయాడు. మనోరమ చెయ్యి ముందుకు వెళ్ళింది. గోడకు ఆనుకుని నిలబడి ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే చదివింది. పిల్లల జవాబు పత్రం చదివినట్టు, ఆశ పడకుండా, తప్పు ఉంటే ఉందని ఒప్పుకోవడానికి సిద్ధపడుతూ. తర్వాత డాక్టరమ్మ గదిలో ఆవిడ తేలిక హిందీలో చెప్పింది. క్యాన్సర్ కాదు. మామూలు గడ్డ. తీసేశాం, అయిపోయింది. ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకుంటే చాలు.

బయటికొచ్చాక కాశీనాథ్ కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. అతను కూడా ఈ అయిదు రోజులూ నిద్రపోలేదని ఆమెకు తెలుసు. అద్దాలు పెట్టుకుంటూ, "చూసినవా, ఏం లేదన్నరు. గా దానికే గింత ఆగమైతివి" అన్నాడు.

ఇంకెప్పుడైనా అయితే ఆ మాట ఆమె లోపల ఒక మూల పడి నెలల తరబడి గుచ్చుకునేది. ఇప్పుడు గుచ్చుకోలేదు. "ఏం లేదని ఎరుక చేసుకునుటానికే పోయిన" అంది. "అక్కకు ఎరుకయ్యేసరికి ఏం మిగల్లేదు."

అతను బండి తాళం చేతిలో తిప్పాడు. వంతెన మీద బండి మెల్లగా నడిపాడు. ఖాడీ మీద గాలి మొహానికి తగులుతుంటే మనోరమ లోపలి దాకా గాలి పీల్చుకుంది. ఎడమ పక్క కుట్లు లాగాయి. లాగనీ అనుకుంది.

సాయంత్రం అయిదున్నరకు సాక్షి ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనించి ముందు గదిలో గట్టు మీద పెట్టింది. "మమ్మీ, జల్దీ, లైవ్ చాలూ అయింది." మనోరమ గోడవారగా దిండు వేసుకుని కూర్చుంది. కూలికొచ్చే ఆమె వెళ్ళిపోయింది. సత్తెమ్మ మిషను నడుపుతోంది. కాశీనాథ్ టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. తెర మీద అడవి, మబ్బులు, తెల్లటి రాకెట్టు. అంకెలు వెనక్కి నడిచాయి. అయిదూ యాభైకి పొగ లేచింది, రాకెట్టు పైకి లేచి రెప్పపాటులో మబ్బుల్లో దూరిపోయింది.

"గంతేనా?" అన్నాడు కాశీనాథ్.

"ఆగుండ్రి" అంది మనోరమ.

అరగంట కూర్చున్నారు. కాశీనాథ్ కూడా, టీ అయిపోయినా, గుమ్మం దిగలేదు. చివరికి తెర మీద నల్లటి ఆకాశంలో టెలిస్కోపు రాకెట్టును విడిచి మెల్లగా దూరమవుతూ కనిపించింది. వెలుగులో మెరుస్తూ, చుట్టి పెట్టిన మూటలా. దాని పక్క నుంచి ఒక రెక్క విచ్చుకుంది. అక్కడెక్కడో గదిలో ఉన్న మనుషులు లేచి చప్పట్లు కొట్టారు. మనోరమకు కన్నీళ్ళు వచ్చాయి. ఈ ఏడాదిలో మొదటిసారి, సాంచాల చప్పుడు చాటు వెతుక్కోకుండా, అందరి ముందూ ఏడ్చింది. పోయిందక్కా, అనుకుంది. మంచిగ చూసే పంపిన్రు.

సాక్షి వచ్చి కుట్లు లేని వైపు ఆనుకుని కూర్చుంది.

"సుశీల అడిగేటిది గిదేనా?" అంది సత్తెమ్మ. ఆవిడ వింటోందని ఎవరూ అనుకోలేదు. "గుడ్డేది మరి?"

"లోపల మడతల్నే ఉన్నదత్తమ్మా. పది రోజులు పడ్తది ఇప్పుటానికి."

"సంవత్సరీకం నాటికి ఇప్పుతరన్నట్టు."

"అవును."

సత్తెమ్మ కొడుకు వైపు చూసి, "పో, లోపల ఏదో సాంచ ఆగినట్టుంది, చూసి రాపో" అంది. సాంచా ఏదీ ఆగలేదు. కాశీనాథ్ చెవి పెట్టి విని, తల్లి మొహం చూసి, వెళ్ళాడు. సాక్షిని నీళ్ళు తెమ్మంది. ఇద్దరే మిగిలాక ముసలావిడ గొంతు తగ్గించింది.

"నాకొకటున్నది పిల్లా. ఎవరికి చెప్పలే." కళ్ళు తిరుగుతున్న కదురు మీదే ఉన్నాయి. "కిందికి జారింది. గర్భసంచి. నిలవడితే బయటికొస్తది. గుడ్డ మడత పెట్టి కట్టుకుంట. గందుకే నీళ్ళ బిందె ఎత్తుత లేను. ముసల్దానికి బద్దకం ఎక్కువైందని మీ బావ నవ్వవట్టె."

"ఎన్ని రోజుల సంది అత్తమ్మా?"

"సాక్షి పుట్టకముందు సంది."

మనోరమ లెక్క వెయ్యలేదు. వేయవలసిన అవసరం లేదు. ఇన్నేళ్ళుగా ఎవరికి ఏ నొప్పి వచ్చినా బీము దిగనీ అని ఆ మిషను ముందు నుంచే చెప్పిన మనిషి, ఆ మాటను అందరికంటే ముందు తనకు తనే చెప్పుకుందన్నమాట. మడత మీద మడత. మనోరమ లేచి, నెమ్మదిగా వచ్చి, ఆమె పక్కన నేల మీద కూర్చుంది.

"మంచిగైతదా?" అంది సత్తెమ్మ.

"అయితది. చానమందికి చేస్తరు. గా డాక్టరమ్మనే చూస్తది."

"ఎన్నడు పోదాం?"

"సోమవారం."

"మళ్ళ ఆగమనరు గద ఎవరన్న?"

"ఆగమంటే డాక్టరమ్మనే అనాలె, నీ మంచి కోసం. ఇంకెవ్వరన్నా ఆగేది లేదు."

సత్తెమ్మ చెయ్యి చాపి మిషను స్విచ్చి కట్టేసింది. కదురు మెల్లగా తిరిగి తిరిగి నిలిచింది. దాని మీద కండె సగమే నిండి ఉంది. ఆవిడ దాన్ని కదురు నుంచి లాగి, ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి, అలాగే బుట్టలో వేసింది.